సూది వేశాడా?



ఒంట్లో బాగాలేక డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చిన మనిషిని మన ఇళ్లల్లో మొదట అడిగేది "ఏం జబ్బన్నాడు?" అని కాదు, "సూది వేశాడా?" అని. వేశాడంటే వైద్యం జరిగినట్టు లెక్క. వెయ్యలేదంటే, "బిళ్లలకైతే అంతదూరం ఎందుకు, వీధి చివర మందుల షాపు లేదూ?" అని ఇంకో ప్రశ్న. ప్రభుత్వాసుపత్రిలో మందులిచ్చే కిటికీ వెనక కూర్చున్న నాలాంటి ఫార్మసిస్టుకి ఈ మాట రోజూ వినబడేదే. బిళ్లల పొట్లం చేతిలో పెడితే దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "పొద్దున్నే మొదటి బస్సెక్కి వచ్చాను నాయనా, పెద్ద డాక్టరుగారికి చెప్పి ఒక్క సూది వేయించు" అని బతిమాలే పెద్దవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బస్సు చార్జీ గిట్టాలంటే సూది పడాలి మరి.

నేనైతే దీన్ని అమాయకత్వం అనను. ఈ నమ్మకం ఊరికే పుట్టలేదు. దాని వెనక పెద్ద చరిత్ర ఉంది. చిక్కల్లా ఎక్కడంటే, ఆ చరిత్రలో మొదటి సగమే జనానికి గుర్తుండిపోయింది. రెండో సగం ఎవరూ చెప్పలేదు.

మొదటి సగం ఇది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన రోజుల్లో వేడి దేశాల అడవి పల్లెల్లో యాస్ అనే చర్మవ్యాధి ఉండేది. పిల్లల ఒంటినిండా పుళ్లు. ముదిరితే ఎముకలు వంకర తిరిగిపోయేవి. ఒడిశా, మధ్యప్రదేశ్, ఆంధ్ర ప్రాంతాల గిరిజన పల్లెలు కూడా దాని బాధ పడినవే. 1952 నుంచి 1964 దాకా ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ కలిసి 46 దేశాల్లో ఊరూరా తిరిగి మందు వేశాయి. ఆ మందు నెమ్మదిగా కరిగే పెన్సిలిన్. ఒకే ఒక్క సూది. దాదాపు 5 కోట్ల మందికి వేశారు. ఏళ్ల తరబడి మానని పుళ్లు కొద్దిరోజుల్లో ఎండిపోయాయి. కళ్లముందు బిడ్డ ఒళ్లు బాగుపడటం చూసిన తల్లికి సూది మీద గురి కుదరకుండా ఎలా ఉంటుంది? అదే కాలంలో క్షయకి స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. అదీ సూదే. శానిటోరియంలో మంచం పట్టిన మనుషులు లేచి తిరిగారు. మన తాతల తరం చూసిన అద్భుతాలన్నీ సూది మొనమీదే జరిగాయి.

ఇక రెండో సగం. 2012లో పాపువా న్యూగినీ దీవుల్లో పనిచేసిన వైద్యులు ఒక పరిశోధన ప్రచురించారు. అదే యాస్ జబ్బు. పెన్సిలిన్ సూది బదులు అజిత్రోమైసిన్ అనే మందు ఒకే ఒక్క మోతాదు నోటితో ఇచ్చారు. ఫలితం సూదికి ఏమాత్రం తీసిపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన పద్ధతినే మార్చుకుంది. క్షయ సంగతీ అంతే. స్ట్రెప్టోమైసిన్ సూది చాలామంది చెవులు పోగొట్టింది, నడకలో తూలుడు తెచ్చింది. మామూలు మందులకు లొంగని మొండి క్షయకి నెలల తరబడి రోజూ వేసిన కెనామైసిన్ కూడా అలాంటిదే. ప్రాణం దక్కింది కానీ వినికిడి పోయిన కుర్రాళ్లు ఎందరో ఉన్నారు. ఇప్పుడు మొండి క్షయకి సైతం బెడాక్విలిన్ వంటి బిళ్లలతోనే చికిత్స సాగుతోంది. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కెనామైసిన్ వాడొద్దని చెప్పేసింది. అంటే వైద్యశాస్త్రం యాభై అరవై ఏళ్లుగా సూది నుంచి బిళ్ల వైపు నడుస్తోంది. మనం మాత్రం బిళ్ల పక్కన పెట్టి సూది వైపు నడుస్తున్నాం.

సూది మందు, మింగే మందు ఒంట్లోకి వెళ్లే తీరు వేరు. మింగిన మందు వాకిట్లోంచి వచ్చే చుట్టం. కడుపు, పేగులు, కాలేయం అన్నీ దాన్ని పలకరించి, పరీక్షించి లోపలికి పంపుతాయి. సూది మందు పెరటి గోడ దూకి వచ్చినవాడు. మంచివాడైతే ఆపదలో అందరికంటే ముందు ఆదుకుంటాడు. చెడ్డవాడైతే ఆపేవాళ్లు లేరు. బిళ్ల పడకపోతే వాంతి అవుతుంది, లేదా రెండో బిళ్ల వేసుకోవడం మానేస్తాం. నరంలోకి ఎక్కించిన మందుని వెనక్కి తీసుకోవడం ఎవరివల్లా కాదు.

"కానీ సూది పడగానే జ్వరం దిగింది కదండీ, ఒళ్లంతా చెమట పట్టి లేచి కూర్చున్నాడు" అంటారు. నిజమే, దిగుతుంది. ఊళ్లో ఆర్ఎంపీ డాక్టరు వేసే ఆ సూదిలో చాలాసార్లు ఉండేది డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు, దానికి తోడు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. జ్వరాన్ని, నొప్పిని అణచడంలో ఈ రెండూ ఘనులే. జ్వరం తెచ్చిన జబ్బు మాత్రం లోపల అలాగే ఉంటుంది. టైఫాయిడ్ అయినా, మలేరియా అయినా రెండు రోజులు దాక్కుని మళ్లీ బయటపడుతుంది. చక్కెర జబ్బు ఉన్నవాళ్లకి ఈ స్టెరాయిడ్‌తో చక్కెర ఒక్కసారిగా పైకి ఎగబాకుతుంది. ఇక వానాకాలంలో వచ్చే డెంగీ జ్వరంలో ఈ సూది మరీ ప్రమాదం. డెంగీలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి. రక్తం గడ్డకట్టే శక్తి తగ్గుతుంది. అలాంటప్పుడు డైక్లోఫెనాక్ వంటి మందు రక్తస్రావాన్ని పెంచుతుంది. కండలో గుచ్చిన చోట లోపల నెత్తురు పేరుకుంటుంది. అందుకే డెంగీ అనుమానం ఉంటే కండకి సూదులు వద్దని, జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే చాలని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జ్వరంతో మీ ఇంట్లో ఎవరైనా పడుకుంటే దయచేసి ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి.

సెలైన్ కథ కూడా చెప్పాలి. "నీరసంగా ఉంది, ఓ బాటిల్ ఎక్కించండి" అనడం మనకి అలవాటు. ఆ బాటిల్‌లో ఏముంటుంది? 5 శాతం డెక్స్ట్రోజ్ అరలీటరు బాటిల్లో ఉండేది 25 గ్రాముల గ్లూకోజు. అయిదారు చెంచాల చక్కెర. శక్తి లెక్కలో రెండు ఇడ్లీలకు అటూ ఇటూ. మామూలు సెలైన్ అయితే అరలీటరులో నాలుగున్నర గ్రాముల ఉప్పు, మిగతాదంతా నీళ్లు. అందులోకి ఓ విటమిన్ ఇంజెక్షన్ కలిపితే బాటిల్ పసుపుపచ్చగా మారుతుంది. ఆ పసుపు రంగు చూస్తే మనకి బలం కనబడినట్టే, బిల్లు కూడా ఆ మేరకు పెరుగుతుంది. విరేచనాలతో ఒళ్లు ఎండిపోయి, నోటితో తాగలేని మనిషికి, ఆపరేషన్ అయిన మనిషికి సెలైన్ ప్రాణం నిలుపుతుంది, కాదనను. నోరు బాగుండి తాగగలిగే మనిషికి ఓఆర్ఎస్ పొట్లం చాలు. గుండె బలహీనంగా ఉన్న ముసలాయనకి బలం కోసమని రెండు బాటిళ్లు గబగబా ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. బలం కోసం వెళ్లిన మనిషికి ఆయాసం మొదలవుతుంది.

ఇంతవరకూ చెప్పింది సిరంజిలో ఉన్న మందు సంగతి. ఇక సిరంజి సంగతి.

బోలుగా ఉండే సూదితో ఒంట్లోకి మందు పంపే సిరంజి 1853లో రెండు చోట్ల వేర్వేరుగా రూపుదిద్దుకుంది. ఎడిన్‌బరోలో అలెగ్జాండర్ వుడ్, ఫ్రాన్స్‌లోని లియాన్‌లో షార్ల్ ప్రావాజ్. వుడ్ తన సిరంజితో నరాల నొప్పికి మార్ఫిన్ ఎక్కించాడు. నల్లమందు మింగితే అలవాటవుతుంది గానీ సూదితో ఇస్తే కాదని ఆ కాలపు వైద్యుల్లో చాలామంది నమ్మారు. జరిగింది సరిగ్గా దానికి తలకిందులు. వుడ్ భార్యే మార్ఫిన్‌కి బానిసై చనిపోయిందని ఓ కథ పుస్తకాల్లో తిరుగుతూ ఉంటుంది. అది కట్టుకథ. ఆవిడ భర్త పోయాక కూడా దాదాపు పదేళ్లు బతికింది. కథ అబద్ధమైనా, సూది గురించి మొదటి నుంచే మనిషి లేనిపోని నమ్మకాలు పెట్టుకున్నాడన్నది నిజం.

సిరంజి చేసిన కీడు ఎంతదాకా పోగలదో తెలియాలంటే ఈజిప్టు సంగతి వినాలి. నైలు నది కాలవల్లో దిగి పనిచేసే రైతులకి అక్కడ బిల్హార్జియా అనే పురుగు జబ్బు వస్తుంది. నీళ్లలోని నత్తల నుంచి బయటపడ్డ పురుగు చర్మంలోంచి లోపలికి దూరి, మూత్రాశయాన్నో కాలేయాన్నో పాడుచేస్తుంది. ఫారోల కాలం నాటి మమ్మీల్లో కూడా దాని గుడ్లు కనబడ్డాయి. 1950ల నుంచి 1980ల మొదటి దాకా ఈజిప్టు ప్రభుత్వం దీన్ని రూపుమాపాలని పల్లెపల్లెకీ వైద్య బృందాలను పంపింది. మందు పేరు టార్టార్ ఎమెటిక్, యాంటిమొనీతో చేసింది. నరంలోకి ఎక్కించాలి, అదీ వారాల తరబడి పదేసి, పదిహేనేసి సార్లు. పెద్దలకీ, బడిపిల్లలకీ వరసగా నిలబెట్టి వేశారు. వాడినవి గాజు సిరంజిలు. వాటిని మళ్లీ మళ్లీ వాడాలి, మధ్యలో ఉడకబెట్టాలి. వందల మంది వరసలో నిలబడి ఉంటే ఇరవై నిమిషాలు ఉడకబెట్టే తీరిక ఎవరికి? అప్పటికి హెపటైటిస్ సి అనే వైరస్ ఒకటుందని కూడా లోకానికి తెలియదు. దాన్ని కనిపెట్టింది 1989లో.

బిల్హార్జియా తగ్గింది. ఒక తరం గడిచాక చూస్తే, ప్రపంచంలో హెపటైటిస్ సి అత్యధికంగా ఉన్న దేశం ఈజిప్టు అయి కూర్చుంది. 2000లో వెలువడిన ఒక అధ్యయనం ఏ ప్రాంతంలో ఆ సూదులు ఎక్కువ వేశారో ఆ ప్రాంతంలోనే ఈ వైరస్ ఎక్కువగా ఉందని తేల్చింది. ఇందులో దుర్మార్గుడెవడూ లేడు. దొంగ డాక్టరు లేడు, లాభాల ఆశ లేదు. మంచి ఉద్దేశంతో, ప్రభుత్వ ఖర్చుతో, శిక్షణ పొందిన మనుషులు చేసిన పని అది. అందుకే ఆ చరిత్ర చదివినప్పుడల్లా నాకు కోపం రాదు, భయం వేస్తుంది.

ఆ కథ అక్కడితో ఆగలేదు. బిల్హార్జియాకి తర్వాత ప్రాజిక్వాంటెల్ అనే బిళ్ల వచ్చింది. నరంలో సూది అక్కర్లేకుండా పోయింది. హెపటైటిస్ సికి ఒకప్పుడు వారానికో ఇంటర్‌ఫెరాన్ సూది, ఆరునెలలో ఏడాదో. దాంతో జ్వరాలు, జుట్టు రాలడం, మనసు కుంగిపోవడం, ఇన్ని పడ్డా జబ్బు తగ్గేది కొందరికే. పదేళ్లకు పైగా అయింది, సోఫోస్‌బువిర్ వంటి బిళ్లలు వచ్చి. పన్నెండు వారాలు మింగితే నూటికి తొంభై మందికి పైగా నయమవుతున్నారు. ఈజిప్టు ప్రభుత్వం 2018లో దేశమంతా పరీక్షలు పెట్టి, వైరస్ ఉన్నవాళ్లకి ఉచితంగా ఈ బిళ్లలిచ్చింది. 2023 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ దేశం హెపటైటిస్ సి నిర్మూలన దారిలో గట్టిగా ముందుకొచ్చిందని ప్రకటించింది. సూది పంచిన జబ్బుని బిళ్ల తుడిచిపెట్టింది. ఈ బిళ్లల జనరిక్ రూపం మన హైదరాబాద్ కంపెనీల నుంచి కూడా బయటికి వెళుతోంది. 2018 జులై నుంచి మన దేశంలోనూ జాతీయ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఎప్పుడో రక్తం ఎక్కించుకున్నవాళ్లు, ఊళ్లల్లో గాజు సిరంజిల కాలంలో సూదులు ఎక్కువగా వేయించుకున్నవాళ్లు ఒక్కసారి పరీక్ష చేయించుకుంటే మంచిది. ఈ వైరస్ ఇరవై ముప్ఫయ్యేళ్లు ఏ బాధా లేకుండా కాలేయంలో కూర్చోగలదు.

"గాజు సిరంజి పోయి ప్లాస్టిక్‌ది వచ్చింది కదా, ఇక భయమేమిటి?" అని మీకు అనిపించవచ్చు. 2009 మొదట్లో గుజరాత్‌లోని మోడాసా పట్టణంలో, ఆ చుట్టుపక్కల హెపటైటిస్ బి కామెర్లు వందల మందికి సోకాయి; పదుల మంది చనిపోయారు. వెతికితే వాడిన సిరంజిలనే మళ్లీ వాడటం బయటపడింది. 2018 ఫిబ్రవరిలో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా బంగర్‌మవూలో ఒకే ప్రాంతంలో ఇరవై మందికి పైగా హెచ్ఐవి ఉన్నట్టు తేలింది. ఊళ్లు తిరుగుతూ తక్కువ డబ్బుకి సూదులు వేసే చదువులేని వైద్యుడొకడు ఒకే సిరంజి అందరికీ వాడాడని అధికారులు చెప్పారు. మన దేశంలో సూదుల తీరు మీద రెండు దశాబ్దాల కిందట జరిగిన జాతీయ అధ్యయనం ఒకటి, వేసే సూదుల్లో దాదాపు మూడింట రెండు వంతులు ఏదో ఒక రకంగా సురక్షితం కావని చెప్పింది. పరిస్థితి అప్పటికంటే మెరుగుపడింది. పూర్తిగా బాగుపడలేదు. పేద దేశాల జబ్బు అనుకోవడానికీ లేదు. అమెరికాలోని లాస్ వేగస్‌లో ఒక క్లినిక్‌లో మత్తుమందు సీసాలోకి వాడిన సిరంజినే మళ్లీ దించి, ఆ సీసాని తర్వాతి రోగులకి కూడా వాడిన సంగతి 2008లో బయటపడింది. 60 వేల మందికి పైగా జనాన్ని రక్తపరీక్ష చేయించుకోమని అక్కడి ఆరోగ్యశాఖ ఉత్తరాలు రాయాల్సి వచ్చింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన పొరపాటు గురించి చెప్పాలి. "అదే సిరంజి అయినా సూది మార్చాడండీ, పర్లేదు" అని చాలామంది సమాధానపడతారు. పర్లేదు కాదు. మందు ఎక్కించాక సూదిని సిరంజి నుంచి లాగేటప్పుడు సూది లోపల మిగిలిన కాసింత ద్రవం వెనక్కి, సిరంజి గొట్టంలోకి పీల్చుకుపోతుంది. ఆ ద్రవంలో రోగి రక్తం కంటికి కనబడనంత ఉన్నా చాలు. హెపటైటిస్ బి వైరస్ ఒంటి బయట, ఎండిపోయిన మరకలో కూడా కనీసం ఏడు రోజులు బతుకుతుంది. కొత్త సూది తగిలిస్తే ఆ పాత రక్తం కొత్త సూదిలోంచే మీ ఒంట్లోకి వస్తుంది. సూదీ, సిరంజీ రెండూ కొత్తవి కావాలి. రెండూ మీ కళ్లముందు చించిన కవరులోంచే రావాలి. పదిమందికి సరిపడే మందు సీసాలోకి వాడిన సిరంజి దించుతుంటే ఆపండి.

ఎలా ఆపాలి? సూది వేసేది ఊళ్లో మనకి తెలిసిన మనిషి. అర్ధరాత్రి పిలిస్తే వచ్చేవాడు. మొహం మీద అనడానికి మొహమాటం. నేను చెప్పే ఉపాయం ఇది: వెళ్లేటప్పుడే మందుల షాపులో కొత్త సిరంజి కొనుక్కుని జేబులో వేసుకుని వెళ్లండి. "అన్నా, ఇది వాడు, నాకు భయం" అంటే ఎవరూ తప్పు పట్టరు. ఇంకా మంచి మాట ఒకటుంది. "అన్నా, దీనికి బిళ్ల లేదా?" అని ముందే అడగండి. సూది వేయమని మీరు అడుగుతారని భయపడి సూది వేసేవాళ్లు చాలామంది. మీరే వద్దంటే వాళ్లకీ బరువు దిగుతుంది. పెద్ద డాక్టర్లకి కూడా ఇదే వర్తిస్తుంది. వాళ్లూ మన ముఖం చూసే రాస్తారు.

టీకాల సూది గురించి అనుమానం పెట్టుకోకండి. సర్వజన టీకా కార్యక్రమంలో 2005 తర్వాత క్రమంగా వచ్చినవి ఆటో డిజేబుల్ సిరంజిలు. పిల్లలకి వేసే చాలా టీకాల మోతాదు 0.5 మిల్లీలీటరు, అంతే మందు పడుతుంది. పిస్టన్‌ని ఒకసారి కిందికి నొక్కగానే లోపలి చిన్న క్లిప్ బిగుసుకుంటుంది. మళ్లీ లాగబోతే వెనక్కి రాదు. బలవంతం చేస్తే విరిగిపోతుంది. మళ్లీ వాడాలన్నా వాడలేరు. మనిషి నిజాయితీ మీద వదలకుండా పనిముట్టులోనే కట్టడి పెట్టారు కాబట్టే నాకు అది నచ్చుతుంది. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మిగతా సూదులన్నిటికీ ఇలాంటి సిరంజిలకే మారమని దేశాలకి సలహా ఇచ్చింది. హెపటైటిస్ బి టీకా సంగతికొస్తే, మన దేశంలో జన్యు పరిజ్ఞానంతో తయారైన తొలి టీకా 1997లో హైదరాబాద్‌లోని శాంతా బయోటెక్నిక్స్ నుంచి వచ్చింది. ఇప్పుడు హెపటైటిస్ బి టీకాని బిడ్డ పుట్టిన 24 గంటల్లోపే వేస్తున్నారు. చాలా టీకాలు, పాము కాటు విరుగుడు, ఆపదలో అడ్రినలిన్ సూది ద్వారానే ఇవ్వాలి. నేను వద్దనేది అక్కర్లేని సూదిని.

ఇన్సులిన్ కూడా ఆ అవసరమైన జాబితాలోదే. అది ప్రోటీన్; మింగితే కడుపులో అరిగిపోతుంది, అందుకే సూది తప్పదు. ఇక్కడ మన ఇళ్లల్లో జరిగే ఒక పొరపాటు ఉంది. కాస్త జాగ్రత్తగా వినండి, కాగితం ఉంటే రాసుకోండి. మన దేశంలో దొరికే ఇన్సులిన్ సీసాలు చాలావరకు 40 రకం. అంటే ఒక మిల్లీలీటరులో 40 యూనిట్లు. 100 రకం కూడా ఉంది, పెన్నుల్లో వేసే కార్ట్రిడ్జిలన్నీ దాదాపు ఇవే. సిరంజిలూ రెండు రకాలు: 40 రకానికి ఎర్ర మూత, 100 రకానికి నారింజ మూత. 100 రకం ఇన్సులిన్‌ని ఎర్ర మూత సిరంజిలోకి 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 20 యూనిట్లు కాదు, 50. రెండున్నర రెట్లు. చక్కెర పడిపోయి స్పృహ తప్పే మోతాదు అది. తిరగబడితే, 40 రకాన్ని నారింజ మూత సిరంజిలో 20 దాకా లాగితే పడేది 8 యూనిట్లే. చక్కెర తగ్గదు, మందు పనిచెయ్యలేదని మోతాదు పెంచేస్తారు. అమెరికాలో పిల్లల దగ్గరికి ఆర్నెల్లు ఉండటానికి వెళ్లే అమ్మానాన్నలు దీన్ని మరీ గట్టిగా పట్టించుకోవాలి. అక్కడ దొరికే ఇన్సులిన్ 100 రకం. మీ సంచిలో ఇక్కడి నుంచి తీసుకెళ్లిన సిరంజిలు 40 రకం. సీసా మారిన రోజున సిరంజి కూడా మారాలి.

పొట్ట మీద రోజూ ఒకే చోట గుచ్చితే ఆ చోట కొవ్వు గడ్డకట్టి గట్టిపడుతుంది. అక్కడ నొప్పి ఉండదు కాబట్టి మళ్లీ అక్కడే గుచ్చాలనిపిస్తుంది; ఆ గడ్డలోంచి ఇన్సులిన్ ఒకరోజు నెమ్మదిగా, ఒకరోజు వేగంగా దిగుతుంది. చోటు మార్చండి. వాడిన సూదిని చెత్త సంచిలో పారేయకండి. గట్టి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి, నిండాక విడిగా అప్పగించండి. ఇంటి నుంచి వచ్చే ప్రమాదకరమైన చెత్తగా దాన్ని వేరుగా ఇవ్వాలని నిబంధనలు చెబుతున్నాయి. మున్సిపాలిటీ బండి దగ్గర తడిచెత్తలో చెయ్యిపెట్టే మనిషికి హెపటైటిస్ బి ఉన్నవాడి సూది గుచ్చుకుంటే, టీకా లేకపోతే, ముగ్గురిలో ఒకరికి దాకా ఆ జబ్బు అంటుకోవచ్చు.

పసిపిల్లల మందు దగ్గర కూడా కొలత తప్పుతుంది. పారాసిటమాల్ చుక్కల మందులో సాధారణంగా ఒక మిల్లీలీటరుకి 100 మిల్లీగ్రాములు ఉంటుంది. సిరప్‌లో 5 మిల్లీలీటర్లకి 120 లేదా 125. అంటే చుక్కల మందు నాలుగు రెట్లు గాఢం. పెద్దపిల్లకి రాసిన సిరప్ కొలతతో చంటిదానికి చుక్కల మందు పోస్తే కాలేయానికి ముప్పు. ఇంట్లో చెంచా నమ్మకండి, ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు. సూది లేని చిన్న సిరంజి షాపులో అడిగి తీసుకుని, దాంతో కొలిచి బుగ్గ లోపలి పక్కకి పొయ్యండి. సిరంజిని నేను మనసారా మెచ్చుకునేది ఇక్కడే.

ఇక చివరిగా, మందు పడకపోవడం. పెన్సిలిన్ వంటి సూదికి ముందు చిన్న టెస్ట్ డోసు వేస్తారు. అది సరిపడినంత మాత్రాన అంతా క్షేమమని హామీ లేదు. ఏ సూదైనా వేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చోండి. ఒళ్లంతా దద్దుర్లు, పెదాలు ఉబ్బడం, గొంతు బిగుసుకోవడం, కళ్లు తిరగడం కనబడితే వెంటనే చెప్పండి. అప్పుడు తొడలో వేయాల్సింది అడ్రినలిన్, ఏ క్లినిక్‌లోనైనా "మీ దగ్గర అడ్రినలిన్ ఉందా?" అని ముందే అడగడం మీ హక్కు. పడని మందు పేరు ఒక చీటీ మీద రాసి ఆధార్ కార్డుతో పాటు జేబులో పెట్టుకోండి. "ఏదో తెల్లబిళ్ల పడదండీ" అంటే ఎవరికీ ఏమీ తెలియదు.

మందు వల్ల జరిగిన చెడుని రాసిపెట్టుకోవడానికి దేశంలో ఒక ఏర్పాటు ఉంది. 2010లో మొదలైన ఫార్మకోవిజిలెన్స్ కార్యక్రమం అది. కేంద్ర కార్యాలయం ఘజియాబాద్‌లో. డాక్టర్లే కాదు, రోగులూ, ఇంట్లోవాళ్లూ కూడా ఫోన్ చేసి చెప్పవచ్చు. మందు పేరు, కంపెనీ, అట్ట మీది బ్యాచ్ నంబరు, ఏం జరిగిందో చెబితే చాలు. అందుకే అట్టలూ ఖాళీ సీసాలూ వెంటనే పారేయకండి. పనిదినాల్లో పగటిపూట పలికే ఉచిత నంబరు 1800 180 3024. రాసుకునేవాళ్ల కోసం మరోసారి: ఒకటి ఎనిమిది సున్నా సున్నా, ఒకటి ఎనిమిది సున్నా, మూడు సున్నా రెండు నాలుగు.